బోనెక్కని శాస్త్రజ్ఞుడు

ఏలూరు కోర్టుల ఆవరణమున ఒక ఉదయము చెట్టునీడను నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలియకపోదు. కేసు పిలుపు రాకమునుపే సగము కేసు వెలుపల జరిగిపోవుచుండును. ప్లీడరుగారు కాగితముల కట్టతో వడివడిగా నడచుచుందురు. గుమాస్తా వారిని వెంబడించుచుండును. సాక్షి కండువా సవరించుకొనుచు, "అయ్యా, నన్నేమి యడుగుదురు?" అని పదేపదే యడుగుచుండును. ముద్దాయి తల్లి దూరముగా గోడ ప్రక్కను కూర్చుండి యుండును. ఆమెను ఎవ్వరును ఏమియు నడుగరు. ఈ గుంపులో ఒక మనిషి తక్కువగా నున్నాడని మా యభిప్రాయము. ఆ మనిషినిగూర్చియే యీ వ్యాసము.

అతడు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఈ మాట వినినంతనే కొందరు చదువరులకు పిచ్చియాసుపత్రి స్ఫురించును. వార్తాపత్రికలు చదువువారికి మత్తుసూది పొడిచి నిజము కక్కించు నార్కో పరీక్ష స్ఫురించును. మేము చెప్పబోవు మనిషికి రెంటితోను పని లేదు. మత్తుసూదిని, అబద్ధమును పట్టునను యంత్రమును, మెదడులోని విద్యుత్తును కొలుచు పరీక్షను మనిషి సమ్మతి లేకుండ వానిపై ప్రయోగించుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2010వ సంవత్సరము మే 5వ తేదీన సెల్వి కేసులో తీర్పు చెప్పియే యున్నది. కనుక ఆ భయమును చదువరులు విడువవచ్చును.

కోర్టు పనిలో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రెండు విధములుగా కానవచ్చును. ఒకడు బోనెక్కి ప్రమాణము చేసి, తన పరీక్షలో తేలినది న్యాయాధిపతికి చెప్పువాడు. ముద్దాయికి మతి స్థిమితముగా నున్నదా లేదా యని తేల్చుటకు కోర్టువారు విశాఖపట్టణపు మానసిక వైద్యశాలకు పంపినప్పుడు, అచ్చటి వైద్యులిచ్చు నివేదిక యీ తెగలోనిది. అది కోర్టు సొత్తు. ఇరుపక్షములవారు దానిని చదువుదురు, ప్రశ్నింతురు. రెండవవాడు బోనెక్కడు. ప్లీడరు గదిలో కూర్చుండి కాగితములు చదువును, సలహా చెప్పును, వెళ్లిపోవును. వాని పేరు తీర్పులో నుండదు. మొదటివానిని మన దేశము చిరకాలముగా నెరుగును. రెండవవానిని ఇప్పుడిప్పుడే యెరుగుచున్నది.

ఆ గదిలో అతడు చేయు పని యేమి? మొదట పోలీసువారు వ్రాసికొన్న వాంగ్మూలముల నన్నిటిని వరుసగా చదువును. అయిదుగురు సాక్షులు ఒకే వాక్యమును ఒకే మాటలతో చెప్పియుండినయెడల, అది సాక్షుల భాష కాదు, వ్రాసినవారి భాషయని గుర్తించును. ముద్దాయితో గంటలకొలది మాటాడి, తనపై మోపబడిన నేరమేమో వానికి బోధపడినదా యని చూచును. ప్లీడరు అడిగిన ప్రతిదానికి తలయూపువాడు గ్రహించి యూపుచున్నాడా, భయమున ఊపుచున్నాడా? చిన్ననాడు తలకు దెబ్బ తగిలినదా, మూర్ఛ కలదా, ఏ తరగతిలో బడి మానెను, ఎందుకు మానెను అని యింటివారిని విచారించును. ఎదుటిపక్షపు నిపుణుడు నివేదిక యిచ్చియుండినచో, ఏ పరీక్ష చేసెను, ఏ భాషలో చేసెను, ఎంతసేపు చేసెను అని విడదీసి చూపును. వీని యన్నిటికంటె విలువైన సేవ మరియొకటి కలదు. "అయ్యా, మీ కక్షిదారు మతి చలించినట్లు నటించుచున్నాడు; ఈ వాదము నెత్తికొనకుడు" అని ప్లీడరుతో చెప్పగల ధైర్యమది. ఫీజు తీసికొన్న చోటనే యీ మాట చెప్పలేనివాడు మాకక్కరలేదు.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. జర్మనీనుండి అమెరికా వెళ్లి హార్వర్డు విశ్వవిద్యాలయమున బోధించిన హ్యూగో మున్‌స్టర్‌బర్గు అను పండితుడు 1908వ సంవత్సరమున సాక్షుల మనస్సునుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అందు తన యింటి దొంగతనమునే ఉదాహరణముగా చెప్పుకొనెను. దొంగలు నేలమాళిగ కిటికీగుండ వచ్చిరని తాను ప్రమాణముచేసి చెప్పెను. వారు వచ్చినది తలుపు పగులగొట్టి. గడియారమును కాగితములో చుట్టిరని చెప్పెను. చుట్టినది బల్లమీది గుడ్డలో. జ్ఞాపకశక్తిపై పాఠములు చెప్పు మనిషియే, అబద్ధమాడ నక్కర లేని చోట, నిజమే చెప్పుచున్నానని నమ్ముచు, ఇన్ని తప్పులు చెప్పెను. అయితే ఆయన ప్లీడర్లను తొందరపడి తూలనాడెను. మరుసటి సంవత్సరమే విగ్‌మోరు అను న్యాయశాస్త్ర పండితుడు ఆయనను వ్యంగ్యముగా దులిపివైచెను. ఇరువురిలో మాకు మున్‌స్టర్‌బర్గుపై అభిమానము, విగ్‌మోరుపై గౌరవము కలవు. శాస్త్రజ్ఞుడు ప్లీడరుపై సవారి చేయరాదు, ప్లీడరు ప్రక్కను కూర్చుండవలయును.

ఈ సంగతి పరీక్షింపగోరి మేము ఒకనాడు తరగతి నడుచుచుండగా ఒక క్రొత్త మనిషిని లోనికి రప్పించి, బల్లమీది పుస్తకము నొకటి తీసికొని పొమ్మంటిమి. పిమ్మట విద్యార్థులను చూచినది వ్రాయుమంటిమి. వచ్చినవాని చొక్కా కొందరికి తెల్లనిది, కొందరికి నీలము, ఒకనికి గళ్లది. "అతని చేతిలో గొడుగు ఏ రంగుది?" అని మేము కావలెననియే యడిగితిమి. అతని చేత గొడుగే లేదు. అయినను చాలమంది నల్లదని వ్రాసిరి. తాడేపల్లిగూడెమునుండి రైలులో వచ్చి చదువుకొను పిల్లవాడొకడు మాత్రము "గొడుగు నాకు జ్ఞాపకము లేదు" అని వ్రాసి, మార్కులు పోవునేమోయని భయపడి, క్రింద "నల్లది కావచ్చును" అని చేర్చెను. ఆ చివరి రెండు మాటలనుగూర్చి మేము చాల దినములు ఆలోచించితిమి. ప్రశ్నించువాడు పెద్దవాడైనప్పుడు, జవాబు చెప్పువాడు లేని గొడుగును కూడ తెచ్చి యిచ్చును.

దీనిని కొల్లేటికి తీసికొనిపోయి చూతము. సరస్సు నడుమ ఒక లంకగ్రామమును ఊహింపుడు. (ఊరికి పేరు పెట్టము, అట్టి కేసు ఫలానిచోట జరిగినదని మేము చెప్పుట లేదు.) రాత్రివేళ చేపలచెరువు గట్టుపై రెండు పక్షములకు తగాదా వచ్చి ఒకని తల పగిలినది. పదునాలుగేండ్ల పిల్లవాడు దోనెలో పోవుచు టార్చిలైటు వెలుగున చూచితినని చెప్పెను. పోలీసువారు వానిని నాలుగవనాడు అడిగిరి. ఆ నాలుగు దినములు ఊరిలో, టీకొట్టువద్ద, అరుగులమీద, ఫలానావాడే కొట్టెనను పేరు మారుమ్రోగినది. కేసు విచారణకు వచ్చుసరికి రెండేండ్లు గడచినవి. ఇప్పుడు పిల్లవాడు ఆ ముఖమును తన కన్నులార చూచితినని నిస్సందేహముగా చెప్పుచున్నాడు.

పాతపద్ధతి ప్లీడరు లేచి, "నీవు ఎదుటివారి డబ్బు తిని అబద్ధమాడుచున్నావు కాదా?" అని గద్దించును. పిల్లవాడు ఏడ్చును. న్యాయాధిపతికి జాలి కలుగును. పొరపాటు పొరపాటుగనే నిలిచి, పైగా బలపడును. మా శాస్త్రజ్ఞుడు ప్లీడరుతో చెప్పునది వేరు. "ఈ బాలుడు అబద్ధమాడుట లేదు, వానిని దొంగను చేయకుడు. టార్చి ఎవరి చేత నుండెను, వెలుగు ఎటువైపు పడెను, దోనె గట్టునకు ఎంత దూరమున నుండెను అని మెల్లగా అడుగుడు. వెలుగు వాని కన్నులపై పడియున్నచో దాని వెనుకనున్న ముఖము వానికి కనబడదు. ఆ పేరు మొదట ఎవరి నోట వింటివని అడుగుడు." ఈ ప్రశ్నలకు పిల్లవాడే నిజము చెప్పును, ఏడువడు, ఇంటికి పోయి అన్నము తినును. సాక్షిని అవమానింపకయే సాక్ష్యమును పరీక్షించుట ఇట్లు సాధ్యమగును. పబ్లిక్ ప్రాసిక్యూటరునకును ఈ సాయము అంతే యవసరము. దెబ్బతిన్న బాలిక బోనులో మౌనము వహించినప్పుడు, ఆ మౌనము అబద్ధమునకు గుర్తు కాదనియు, ఎట్టి గదిలో, ఎవరు, ఎంత నిదానముగా అడిగిన ఆమె మాటాడగలదో చెప్పువాడు ఆ పక్షమునను ఉండవలసినదే.

ఇచ్చట మరియొక చిక్కు కలదు. ఈ పని చేయువానికి మన జనుల భాషయు నడవడియు తెలిసియుండవలయును. ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్లకు పోయినవారికి పూనకమనగానేమో చెప్ప నక్కర లేదు. పూనకము వచ్చిన స్త్రీ మరునాడు యథాప్రకారము చేపలగంప నెత్తికొని అంగడికి పోవును. "అమ్మ నాతో మాటాడినది" అని ఆమె చెప్పగా, పరాయిచోటినుండి వచ్చిన పరీక్షకుడు లేని ధ్వనులు వినుచున్నదని వ్రాసికొనినయెడల నష్టమెవరికి? ఇందుకు విరుద్ధమైన ప్రమాదమును కలదు. నిజముగా మతి చెడినవానిని ఇంటివారు గాలి సోకినదని తాయెత్తు కట్టించి యేండ్లతరబడి ఆసుపత్రికి తీసికొనిపోరు. కేసు వచ్చిననాడు, "జబ్బున్నచో చీటీ యేది?" అని అడుగుదురు. నేరము జరిగిన క్షణమున మనిషికి తాను చేయుచున్నది తెలిసినదా లేదా యన్నదే చట్టము చూచును. 1860 నాటి శిక్షాస్మృతి 84వ సెక్షనును, 2024 జూలై 1నుండి దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షనును చెప్పునది యిదియే. చీటీ లేనప్పుడు ఆ సంగతి యెవరు చెప్పవలయును? వాడు ఏనాటినుండి నిద్ర మానెను, ఎన్నడు స్నానము మానెను, ఎవరితో మాట మానెను అని అక్కచెల్లెండ్రను ఓర్పుతో అడిగి తెలిసికొనువాడు కావలయును. ప్లీడరునకు అంత తీరిక యుండదు. ఉన్నను ఏ జవాబు ఏ జబ్బునకు గుర్తో ఆయన చదువుకొనలేదు.

అమెరికాలో ఇట్టి సలహాదారులు వృత్తిగా నేర్పడియున్నారు. అచ్చట జూరీ కలదు గనుక, ఏ మనిషిని జూరీలో నుంచిన తమకు మేలో లెక్కలు వేసి చెప్పువారును వారిలో కలరు. 1972లో హారిస్‌బర్గు పట్టణపు విచారణలో జే షుల్మన్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు ముద్దాయిల పక్షమున ఆ పని చేసినది మొదలు అది పెద్ద వ్యాపారమైనది. మన దేశమున 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడుతో జూరీ పోయినది. ఆ వ్యాపారము మనకు రాకపోవుట మేలే. అమెరికానుండి మనము గ్రహింపదగినది వేరొకటి. 1985లో ఏక్ అను ముద్దాయి కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు, ముద్దాయి మతి స్థిమితమే కేసులో ముఖ్యాంశమైనప్పుడు, వాడు బీదవాడైనయెడల, వానిని పరీక్షించి వాదమును సిద్ధపరచుటకు సాయపడగల మానసిక వైద్యుని ప్రభుత్వమే సమకూర్పవలెనని చెప్పెను. ధనికుడు కొనుక్కొను సలహా బీదవానికిని దొరకవలెనన్నమాట.

ఈ మాట మన తెలుగునేలకు ఎంత దగ్గరిదో 1993వ సంవత్సరపు సంఘటన నొకదానిని తలచుకొన్న తెలియును. ఆ యేడు మార్చి 8వ తేదీన చిలకలూరిపేట సమీపమున ఇద్దరు యువకులు ఆర్టీసీ బస్సును దోచుకొనబోయి పెట్రోలుతో నిప్పంటించిరి. 23 మంది ప్రయాణీకులు కాలి మరణించిరి. 1995లో సెషన్సు కోర్టు ఉరిశిక్ష విధించెను, 1996లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను, క్షమాభిక్ష నిరాకరింపబడెను. 1997 మార్చి నెలాఖరున ఉరితీతకు దినము నిర్ణయమై, చివరి గంటలలో సుప్రీంకోర్టు నిలుపుదల చేసెను. తుదకు 1998లో రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ గారు ఆ శిక్షను యావజ్జీవ కారాగారముగా మార్చిరి.

ఆ 23 కుటుంబముల దుఃఖమును తక్కువచేసి మాటాడు నధికారము మాకు లేదు. ఈ వ్యాసమును ఆ కుటుంబములలోనివారు చదువవచ్చునను ఎరుకతోనే వ్రాయుచున్నాము. మేమడుగునది యొక్కటే. ఆ యువకులెవరు, ఎంత చిన్నవారు, ఏ లేమిలో పెరిగిరి, చంపదలచిరా, దోచుకొనదలచి చేయిజారిన నిప్పును ఆపలేకపోయిరా అని దేశమంతట రచయితలును, పౌరహక్కులవారును, న్యాయవాదులును కలములు పట్టి మాటాడినది ఎప్పుడు? ఉరిత్రాడు సిద్ధమైన తరువాత. ఒక మనిషి ప్రాణము తీయవలెనా వలదా యని న్యాయాధిపతి నిర్ణయించు గదిలో, మొదటినాడే, క్రమముగా, సాక్ష్యాధారములతో రావలసిన జీవిత కథ అది. విన్న పిమ్మట న్యాయాధిపతి ఏ శిక్ష వేయునో ఆయన యిష్టము. వినకయే వేయరాదని మా వాదము.

చట్టమును ఈ మాటే చెప్పుచున్నది. నేరము రుజువైన పిమ్మట శిక్షపై వేరుగా వాదన వినవలెనని 1973 నాటి కోడు 235వ సెక్షను చెప్పెను. నేరమునే కాక నేరస్థుని కూడ చూడవలెనని 1980లో బచ్చన్‌సింగు కేసులో సుప్రీంకోర్టు చెప్పెను. అయినను ఎన్నో కేసులలో ఆ వాదన అదే దినమున, నాలుగు మాటలలో ముగియుచు వచ్చినది: ముద్దాయి చిన్నవాడు, బీదవాడు, ముసలితల్లి కలదు, దయచూడవలెను. 2022వ సంవత్సరము మే 20వ తేదీన మనోజు కేసులో సుప్రీంకోర్టు ఈ యాచారమును గట్టిగా పట్టుకొనెను. ఉరిశిక్షకు అవకాశమున్న కేసులో ముద్దాయి మానసిక స్థితినిగూర్చిన నివేదికయు, కుటుంబము, చదువు, పెరిగిన తీరు మొదలగు వివరములును విచారణ కోర్టు ముందునకే రావలెనని యాజ్ఞాపించెను.

ఈ వివరములను సమకూర్చుటలో సిద్ధహస్తులైనవారు మన దేశమున కొలదిమందియే. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమున ప్రాజెక్టు 39ఎ అను పేర పనిచేసినవారు (ఉచిత న్యాయసహాయమునుగూర్చిన రాజ్యాంగపు అధికరణపు సంఖ్య అది) 2021లో ఒక నివేదిక ప్రకటించిరి. ఉరిశిక్ష పడిన 88 మంది ఖైదీలను పరిశీలింపగా పదింట ఆరుగురికి పైగా ఏదో యొక మానసిక వ్యాధితో బాధపడుచుండిరని తేలెను. న్యాయవాది, మనస్తత్వజ్ఞుడు, ఖైదీ యూరికి పోయి ముసలివారితో మాటాడి వచ్చు పరిశోధకుడు, ఈ ముగ్గురు ఒక బల్ల చుట్టు కూర్చుండుట వారి పద్ధతి. 2025లో ఆ బృందము హైదరాబాదునందలి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమునకు వచ్చి స్క్వేర్ సర్కిల్ క్లినిక్ అను పేర పని సాగించుచున్నది. తెలుగువారి రాజధానులలో ఒకదాని ప్రక్కనే యీ విద్య యున్నదన్నమాట. ఏలూరునుండి అచ్చటికి ఒక రాత్రి ప్రయాణము.

మాపై కొందరు ఆక్షేపణ చేయుదురని యెరుగుదుము. మా మిత్రులలో ఒక పెద్ద ప్లీడరుగారు ఈ వ్యాసపు చిత్తుప్రతి చదివి నవ్విరి. "ఇదివరకు సాక్షికి మేమే పాఠము చెప్పెడివారము, ఇకమీదట శాస్త్రీయముగా చెప్పింతురు గాబోలు" అనిరి. ఇది త్రోసివేయదగిన మాట కాదు. సాక్షికి కోర్టుగది ఎట్లుండునో, ఎవరెక్కడ కూర్చుందురో, తెలియనిది తెలియదని చెప్పవచ్చునని నేర్పుట ధర్మము. ఏమి చెప్పవలెనో నేర్పుట అధర్మము. ఈ రెంటికి నడుమ గీత సన్ననిదని మేమును ఒప్పుకొందుము. తెలివైనవాడు దానిని దాటియు దాటనట్లు కనబడగలడు. కనుకనే సలహా చెప్పినవాడు మరల అదే కేసులో నిష్పక్షపాత నిపుణుడుగా బోనెక్కరాదని మేము పట్టుపట్టుచున్నాము. ఒక పక్షము గెలుపునకు ఆలోచన చెప్పిన నోటితోనే, నాకే పక్షము లేదని ప్రమాణము చేయుట యెట్లు?

గోప్యమును గూర్చియు ఒక లోటు కలదు. కక్షిదారు ప్లీడరుతో చెప్పినది బయటపెట్టరాదని సాక్ష్య చట్టము రక్షణ యిచ్చుచున్నది. 1872 నాటి చట్టపు 127వ సెక్షను ఆ రక్షణను దుబాసీలకును, ప్లీడర్ల గుమాస్తాలకును, సేవకులకును విస్తరింపజేసెను. క్రొత్త చట్టపు 132వ సెక్షను దుబాసీలను, గుమాస్తాలను, ఉద్యోగులను పేర్కొనుచున్నది. ప్లీడరు పిలిపించుకొన్న మనస్తత్వజ్ఞుని పేరు అందు విడిగా లేదు. దుబాసీ ఒక భాషనుండి మరియొక భాషకు మార్చును. ఇతడు భయమునుండి, మౌనమునుండి మాటలోనికి మార్చును. ఇతనికి ఆ రక్షణ స్పష్టముగా వ్రాసి యీయనిచో ఏ ముద్దాయియు ఇతనితో మనసు విప్పి మాటాడడు, ఏ జాగరూకుడైన ప్లీడరును ఇతనిని గదిలోనికి రానీయడు. శాసనసభలలో కూర్చుండువారు ఒక్క పదము చేర్చిన తీరు చిక్కు ఇది.

ఇక మన జిల్లా మాట. 2022లో జాతీయ న్యాయసేవల సంస్థవారు బీద ముద్దాయిల పక్షమున వాదించుటకు జీతముపై న్యాయవాదులను నియమించు పథకము నేర్పరచిరి. అందు ముఖ్య న్యాయవాది కలడు, సహాయకులు కలరు, గుమాస్తాలు కలరు, బంట్రోతు కూడ కలడు. మనస్తత్వజ్ఞుడు లేడు. ప్రతి కేసునకు ఒకనిని పెట్టుమని మేము కోరుట లేదు, అంతమంది దొరకరు. హత్యానేరము మోపబడిన కేసులకును, పిల్లలు సాక్షులుగానున్న కేసులకును, నెలకు రెండు దినములు తెలుగు మాటాడు మనస్తత్వజ్ఞు డొకడు ఏలూరు న్యాయసేవల కార్యాలయమునకు వచ్చునట్లు ఏర్పాటు చేయవచ్చును. గౌరవ వేతనమును, రైలుఖర్చును ఇచ్చిన చాలును. అతనికి తలుపు వేసికొనదగిన గది యొకటి, బల్ల, రెండు కుర్చీలు కావలయును. మొదటి దినమున ఆ రెండవ కుర్చీలో, గోడ ప్రక్కను కూర్చుండిన ఆ తల్లిని పిలిచి కూర్చుండబెట్టి, "అమ్మా, మీ వాడు చిన్నప్పుడు ఎట్లుండెడివాడు?" అని అడుగవచ్చును.